చెల్లాచెదురు యాంటెన్నాలు, పెరిగే సిగ్నలింగ్ భారం: హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

టవర్ మీద ఒకే పెట్టెలో 64 యాంటెన్నాలు బిగించే బదులు, వాటిని వీధి స్తంభాలకు, భవనాల గోడలకు, మెట్రో ప్లాట్‌ఫామ్ పైకప్పులకు పంచి, అన్నీ కలిసి ఒకే ఫోనుకు సేవ అందించాలన్న ఆలోచన పదేళ్లుగా ‘సెల్ ఫ్రీ’ పేరుతో పరిశోధకుల మధ్య నలుగుతోంది. రెండు టవర్ల మధ్య సిగ్నల్ నీరసించే సమస్యకు ఇది మంచి పరిష్కారమే. అయితే యాంటెన్నాలన్నీ ఒక్కటిగా పనిచేయాలంటే ఒక్కో ఫోనుకూ ఒక్కో యాంటెన్నాకూ మధ్య ఛానల్, అంటే సిగ్నల్ ప్రయాణించే దారి, ఆ క్షణంలో ఎలా ఉందో తెలియాలి. ఆ కొలతకు పట్టే సమయం, స్పెక్ట్రమ్ మన డేటాలోంచే కోత పడతాయి; సిగ్నలింగ్ భారం అంటే ఇదే.

ఆ కోత ఎంతన్నది ముఖ్యంగా కదలికను బట్టి ఉంటుంది. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 8.6 సెంటీమీటర్లు, అందులో సగం దూరం జరిగితే చాలు, పాత కొలత పనికిరాకుండా పోతుంది. మైండ్‌స్పేస్ దగ్గర గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషికి అంత దూరం దాటడానికి 31 మిల్లీసెకన్లు పడితే, ఔటర్ రింగ్ రోడ్డుపై 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు 1.5 మిల్లీసెకన్లు చాలు. 0.5 మిల్లీసెకన్ల స్లాట్లతో (ప్రసారాన్ని విడగొట్టే చిన్న కాలఖండాలతో) నడిచే 5జీ నెట్‌వర్క్‌కు ఇది మూడు స్లాట్ల గడువు మాత్రమే; కొలిచి, లెక్కగట్టి, సిగ్నల్ సరిదిద్ది పంపేలోపే కారు ఆ చోటు దాటేస్తుంది.

రానుపోను ఒకే ఫ్రీక్వెన్సీ వాడే టీడీడీలో ఫోన్లే పైలట్ సంకేతాలు (ఛానల్‌ను కొలవడానికి వాడే, ముందే తెలిసిన సంకేతాలు) పంపుతాయి కనుక, భారం యాంటెన్నాలను బట్టి కాక ఫోన్లను బట్టి పెరుగుతుంది. పైలట్లు చాలక రెండు ఫోన్లకూ ఒకటే ఇస్తే ఒకదాని కొలతలో మరొకదానిది కలిసిపోతుంది. రాకకూ పోకకూ వేర్వేరు ఫ్రీక్వెన్సీలు వాడే, 700 మెగాహెర్ట్జ్ లాంటి ఎఫ్‌డీడీ బ్యాండ్లలోనైతే ఫోనే కొలిచి నివేదిక పంపాలి.

గాలిలో మిగిల్చింది తీగల్లో ఖర్చు కావచ్చు. యాంటెన్నాలను లెక్కలు చేసే కేంద్రానికి తీగలతో కలిపే పాత సీపీఆర్‌ఐ పద్ధతిలో 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ (4జీ) సిగ్నల్‌ను ముడిరూపంలో మోయడానికే ఒక్కో యాంటెన్నాకు సెకనుకు 1.2 గిగాబిట్లకు పైగా కావాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుదాఘాత దుర్ఘటన తర్వాత స్తంభాల మీది కేబుళ్లు కత్తిరిస్తే ఎన్ని ఇళ్లకు ఇంటర్నెట్ ఆగిందో చూసిన నగరం మనది. అందుకే తీగల మీద భారం తగ్గేలా వీలైనంత లెక్క యాంటెన్నా దగ్గరే పూర్తి చేసి, కేంద్రానికి సారాంశం మాత్రమే పంపే అమరికే ఇక్కడ నప్పుతుంది. ఒక్కో ఫోనుకు దగ్గరి మూడు నాలుగు యాంటెన్నాలు చాలు. పొందికగా కలిసి ప్రసారం చేసే యాంటెన్నా స్థానాల గురించి ఫోను ఇచ్చే నివేదికను, మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ సంస్థ 18వ విడుదల కూడా నాలుగుకే పరిమితం చేసింది.

కాబట్టి ఈ పెట్టుబడి మొదట జనం కూర్చునే, నిలబడే చోట్లకు వెళ్లాలి: ఉప్పల్ స్టేడియం, అమీర్‌పేట మెట్రో ప్లాట్‌ఫామ్‌లు, హైటెక్ సిటీ ఆఫీసు అంతస్తులు. స్టేడియంలో ఫోన్లు వేలల్లో ఉన్నా, కొలతల మధ్య విరామం పెంచుకునే వీలుంది. ఔటర్ రింగ్ రోడ్డును కొంతకాలం మామూలు టవర్లకే వదిలేయవచ్చు, ప్రకటనల్లో అది ఎంత అందంగా కనిపించినా సరే. పరికరాలు కొనేటప్పుడు టెలికాం సంస్థలు యాంటెన్నాల సంఖ్యతో సరిపెట్టుకోకుండా, నడక వేగంలోనూ కారు వేగంలోనూ సిగ్నలింగ్ పోగా డేటాకు ఎంత శాతం మిగులుతుందో రాతపూర్వకంగా అడగాలి.