‘గ్రామర్ అక్కర్లేదు, వింటే చాలు’ అన్న సలహాకు సమాధానం

ఇంగ్లీషు నేర్చుకోవాలనుకునేవారికి ఈ మధ్య పదేపదే ఎదురవుతున్న సలహా ఒకటి ఉంది. “గ్రామర్ జోలికి వెళ్ళకండి. పసిపిల్లలు ఏ వ్యాకరణమూ చదవకుండానే మాట్లాడుతున్నారు. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ళకే గ్రామర్ తెలియదు. ఆ భాషలో నియమాలకన్నా మినహాయింపులే ఎక్కువ. తప్పులు మాట్లాడినా అవతలివాళ్ళకు అర్థమవుతుంది. రూల్స్ గురించి ఆలోచిస్తే మాట పెగలదు. రోజూ వింటూ ఉండండి, ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది.” ఇందులో ఒకటి రెండు మాటల్లో కొంత నిజం ఉన్నందువల్లే మొత్తం సందేశం నమ్మదగినదిగా కనిపిస్తోంది. పెద్దవయసులో ఇంగ్లీషు మొదలుపెట్టినవారికి పాఠాలు చెప్పే నాకు, దీన్ని నమ్మి ఏళ్ళు పోగొట్టుకున్నవారు తరచుగా తారసపడుతున్నారు. అందుకే ఒక్కొక్క మాటనూ విడిగా తీసుకుని సమాధానం చెప్పాలనిపించింది.

పసిపిల్లల సంగతి ముందు చూద్దాం. పిల్లలు వ్యాకరణ పుస్తకం చదవరన్నది నిజమే కానీ, వ్యాకరణం నేర్చుకోరన్నది నిజం కాదు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు ఇంగ్లీషు మాట్లాడే నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలకు లోకంలో లేని ఒక ప్రాణి బొమ్మ చూపించి, దాని పేరు ‘వగ్’ అని చెప్పారు. తర్వాత అలాంటివే రెండు చూపించి ఇప్పుడు వీటినేమంటారని అడిగితే, ఎక్కువమంది పిల్లలు ‘వగ్జ్’ అని జవాబిచ్చారు. ఆ మాట భాషలోనే లేదు కాబట్టి వాళ్ళు దాన్ని అంతకుముందు విని ఉండే అవకాశమే లేదు. విన్న వేల మాటల నుంచి బహువచనం ఎలా ఏర్పడుతుందో వాళ్ళు పట్టుకున్నారు, పట్టుకున్న నియమాన్ని కొత్త మాటకు వర్తింపజేశారు. ‘వెంట్’ అనాల్సిన చోట ఆ వయసు పిల్లలు ‘గో’కు ‘ఎడ్’ చేర్చి ‘గోడ్’ అనడం కూడా ఇలాంటిదే. పెద్దలెవరూ అనని ఆ మాట పిల్లల నోట వస్తోందంటే, లోపల నియమం పనిచేస్తోందన్నమాట.

అలా పట్టుకోవడానికి వాళ్ళకు పట్టే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోజర్ బ్రౌన్ అనే పరిశోధకుడు ముగ్గురు పిల్లల మాటలను ఏళ్ళ తరబడి గమనించి 1973లో ప్రకటించిన వివరాల ప్రకారం, ఆయన పరిశీలించిన 14 వ్యాకరణ రూపాల్లో క్రియకు చివర చేరే ‘ఇంగ్’ అన్నిటికన్నా ముందు వచ్చింది, ‘హి గోస్’, ‘షి ఈట్స్’ వంటి మాటల్లోని చివరి ‘స్’ బాగా ఆలస్యంగా వచ్చింది. మెలకువగా ఉన్నంతసేపూ చుట్టూ అదే భాష వినిపిస్తున్న పిల్లలకే ఇంత సమయం పడుతుంటే, రోజుకు అరగంట వినే పెద్దవారికి అది దానంతట అదే వస్తుందని ఎలా హామీ ఇవ్వగలం?

దీనికంటే పెద్ద తేడా మరొకటి ఉంది. పసిపిల్లల మనసులో అంతకుముందు ఏ భాషా లేదు, మన మనసులో తెలుగు నిండుగా ఉంది. ‘ఆయన డాక్టరు’ అన్న వాక్యంలో క్రియ లేదు, లేకపోయినా మనకు లోటు తెలియదు. అందుకే ‘హి డాక్టర్’ అనేసి, నడుమ ఉండాల్సిన ‘ఈజ్’, ‘ఎ’ అన్న రెండు చిన్న మాటలనూ వదిలేస్తాం. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అన్న రెండు చోట్లా మనకు ఒకే ‘వస్తాను’ సరిపోతుంది, ఇంగ్లీషుకు మాత్రం మొదటి చోట ‘కమ్’, రెండో చోట ‘విల్ కమ్’ కావాలి. తెలుగు తీరు ఇంగ్లీషులోకి చొరబడే ఇలాంటి చోట్లు పెద్దవారికి లెక్కలేనన్ని ఉంటాయి. చొరబాటు ఎక్కడ జరుగుతోందో చూపించేది వ్యాకరణమే. పైగా పసివాడికి లేని వసతి పెద్దవారికి ఒకటుంది. అతను ఏళ్ళ తరబడి విని పట్టుకునే సంగతిని, ఎవరైనా వివరిస్తే వీరు కొన్ని నిమిషాల్లో గ్రహించగలరు. ఆ వసతిని వదులుకొమ్మని చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

ఇంగ్లీషువాళ్ళకే గ్రామర్ తెలియదన్న రెండో మాటకు జవాబు మన తెలుగులోనే ఉంది. అన్నయ్య వచ్చాడు, అక్క వచ్చింది, బండి వచ్చింది అంటాం. అన్నయ్యలు వచ్చారు, అక్కలు వచ్చారు, బళ్ళు వచ్చాయి అని కూడా అంటాం. ఏకవచనంలో బండితో కలిసి నడిచిన అక్క, బహువచనంలోకి వచ్చేసరికి అన్నయ్యల పక్కన చేరింది. ఈ నియమాన్ని చెప్పమంటే మనలో చాలామంది తడబడతారు, అయినా ఒక్కరు కూడా ‘అక్కలు వచ్చాయి’ అనరు. నియమాన్ని వివరించలేకపోవడం వేరు, నియమం లేకపోవడం వేరు. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న మనిషికి ఈ సంగతి ముందే చెబితే ఎంత శ్రమ తప్పుతుందో, ఇంగ్లీషు నేర్చుకునే మనకూ అంతే.

మినహాయింపులే ఎక్కువన్న మూడో మాటను లెక్కపెట్టి చూడవచ్చు. భూతకాలంలో ‘ఎడ్’ చేర్చుకోకుండా రూపం మార్చుకునే ఇంగ్లీషు క్రియలు సుమారు 200 వరకు ఉంటాయి, మిగిలిన వేల క్రియలన్నీ నియమం ప్రకారమే నడుస్తాయి. మరి మినహాయింపులే ఎక్కువని ఎందుకు అనిపిస్తుందంటే, ఆ కొద్ది క్రియలే వాడుకలో అన్నిటికన్నా ముందుంటాయి కాబట్టి. బి, హావ్, డూ, సే, గో, గెట్, మేక్, నో, థింక్, టేక్ అన్నీ ఆ కోవలోనివే. రోజూ నోట్లో నానే మాటలు కాబట్టే వాటి పాత రూపాలు చెరిగిపోకుండా నిలిచాయి. అరుదుగా వాడే మాటలైతే జనం మరచిపోయి నియమంలోకి లాగేసేవారు. కొత్తగా పుట్టే క్రియ ఏదైనా నేరుగా నియమంలోకే వస్తుంది. ‘డౌన్‌లోడ్’ అన్న క్రియ పుట్టినప్పుడు దాని భూతకాలం ‘డౌన్‌లోడెడ్’ అని ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. కాబట్టి మొదలుపెట్టేవారు ఆ జాబితా మొత్తం బట్టీ పట్టనక్కర్లేదు. రోజూ అవసరపడే ఓ ముప్పై క్రియల రూపాలను వాక్యాలతో సహా నేర్చుకుని, మిగిలినవాటికి నియమాన్ని నమ్ముకోవచ్చు.

తప్పు మాట్లాడినా అర్థమవుతుందన్న నాలుగో మాట సగం నిజం. ‘హి డాక్టర్’ అంటే నిజంగానే అర్థమవుతుంది, అలాంటి తప్పుకు సిగ్గుపడి మాట్లాడటం మానేయకూడదు. కానీ అన్ని తప్పులూ అలాంటివి కావు. ‘ఐ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అంటే పదేళ్ళు ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు లేను అని వినేవారు అనుకుంటారు. ‘ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అంటే పదేళ్ళుగా ఉంటున్నాను, ఇప్పటికీ ఉన్నాను అని అర్థం. తెలుగులో ‘పదేళ్ళు’ పక్కన ‘గా’ చేరడం వల్ల ఎంత తేడా వచ్చిందో, అక్కడ ‘హావ్’ వల్ల అంత తేడా వచ్చింది. అలాగే ‘ఐ స్టాప్డ్ ఈటింగ్’ అంటే తినడం ఆపేశానని, ‘ఐ స్టాప్డ్ టు ఈట్’ అంటే తినడం కోసం ఆగానని. ఇలాంటి చోట వినేవారికి తప్పు జరిగిందన్న అనుమానమే రాదు, చక్కగా అర్థమైందనుకుంటూనే మనం చెప్పనిదాన్ని అర్థం చేసుకుని వెళ్ళిపోతారు.

రూల్స్ ఆలోచిస్తే మాట పెగలదన్న ఐదో మాటను నేను చాలావరకు ఒప్పుకుంటాను. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి, డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చే అభ్యాసాలను పేజీలకు పేజీలు నింపి, ఒక్క ప్రశ్న కూడా నోటితో అడగనివ్వని బోధన ఎంతోమందిలో ఇంగ్లీషంటేనే భయం పుట్టించింది. ఈ సలహాకు ఇంత ఆదరణ దొరకడానికి ఆ భయమే కారణమని నా నమ్మకం. అయితే తప్పు ఆ బోధనది, వ్యాకరణానిది కాదు. వినడానికే పెద్దపీట వేసిన పండితుడు స్టీఫెన్ క్రాషెన్ కూడా, సమయం ఉన్నప్పుడు, రూపం మీద దృష్టి ఉన్నప్పుడు, నియమం తెలిసి ఉన్నప్పుడు మన మాటను మనమే సరిచూసుకోవడానికి వ్యాకరణ జ్ఞానం పనికొస్తుందని చెప్పారు. నియమాన్ని తలచుకోవాల్సింది సాధన చేసేటప్పుడు. అది నోటికి అలవాటైన తర్వాత మాట్లాడేటప్పుడు గుర్తుచేసుకోవలసిన అవసరం తగ్గిపోతుంది.

ఒక్క నియమాన్ని తీసుకుని ఇది ఎలా జరుగుతుందో చూపిస్తాను. ‘షి డిడ్ నాట్ కేమ్’ అన్న తప్పు మొదట్లో దాదాపు అందరూ చేస్తారు. జరిగిపోయిన పని కాబట్టి ‘కేమ్’ అనాలన్న ఆలోచన సహజమే. దీన్ని సరిదిద్దడానికి నేను తెలుగునే వాడతాను. ‘ఆమె వచ్చింది’ అన్నదాన్ని కాదనాలంటే ‘ఆమె రాలేదు’ అంటాం. ‘వచ్చింది’లో ఉన్న కాలమూ, ఎవరు వచ్చారన్న సూచనా అన్నీ రాలిపోయి, ‘రా’ మాత్రమే మిగిలింది. జరగలేదన్న సంగతినంతా పక్కనున్న ‘లేదు’ మోస్తోంది. ఇంగ్లీషులో ఆ బరువు మోసేది ‘డిడ్ నాట్’. అది కాలాన్ని తన మీద వేసుకుంది కాబట్టి పక్కనున్న క్రియ ‘కమ్’ అన్న మూలరూపానికి తిరిగి వెళ్ళిపోతుంది. ఇంతవరకు చెప్పి, వచ్చింది–రాలేదు, తిన్నాడు–తినలేదు, చూశారు–చూడలేదు అంటూ పది జంటలను ఇంగ్లీషులో పైకి అనిపిస్తే, రెండు మూడు రోజులకు ‘డిడ్ నాట్ కేమ్’ అన్న మాట వాళ్ళ చెవికే ఎబ్బెట్టుగా వినిపించడం మొదలవుతుంది.

ఇక మిగిలింది వింటే చాలన్న మాట. వినకుండా ఏ భాషా రాదు, దాని మీద నాకు ఏ వివాదమూ లేదు. ‘చాలు’ అన్న పదంతోనే నా పేచీ. కెనడాలో ఇంగ్లీషు పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పే బడుల్లో, ఏళ్ళ తరబడి ఫ్రెంచి విన్న పిల్లలు చక్కగా అర్థం చేసుకుంటున్నా, మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ వ్యాకరణంలో వెనకబడే ఉన్నారని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో చూపించారు. జాన్ నోరిస్, లూర్దెస్ ఒర్తేగా అనే పరిశోధకులు 2000లో, రెండో భాష బోధన మీద జరిగిన 49 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసినప్పుడు, నియమాన్ని విడమరిచి చెప్పిన బోధనే మెరుగైన ఫలితాలిచ్చిందని తేలింది. ఆ పరీక్షల్లో చాలావరకు నియమం తెలిసినవారికి అనుకూలంగా ఉన్నాయన్న విమర్శ ఉందని కూడా చెప్పాలి. అయినా, నియమం చెబితే నష్టమన్న వాదనకు మాత్రం అక్కడ ఆధారం దొరకదు.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ అంతకుముందు ఏడాదిపాటు రోజూ ఇంగ్లీషు వీడియోలు విన్నారు. వినేటప్పుడు దాదాపు అంతా అర్థమయ్యేది కానీ, ప్రశ్న అడగాలంటే ‘వేర్ యు ఆర్ గోయింగ్’ అనేవారు. ‘మీరు ఊరికి వెళ్తున్నారు’ అన్న వాక్యంలో ‘ఊరికి’ తీసి ‘ఎక్కడికి’ పెడితే తెలుగు ప్రశ్న తయారవుతుంది, మిగిలిన మాటలు కదలనక్కర్లేదు. ఇంగ్లీషులో ‘ఎక్కడికి’ అన్న మాట ముందుకు రావడంతో సరిపోదు, ‘యు’, ‘ఆర్’ కూడా చోటు మార్చుకుని ‘ఆర్ యు’ కావాలి. ఈ రెండు ముక్కలు చెప్పి, తనకు బాగా తెలిసిన వీడియోనే మరోసారి వినమన్నాను. మర్నాడు వచ్చి, ఆ పది నిమిషాల వీడియోలో ‘ఆర్ యు’, ‘ఈజ్ హి’, ‘డిడ్ యు’ అన్నవి పదిహేడు చోట్ల వినిపించాయని, ఒక కాగితం మీద రాసుకున్న వాక్యాలన్నీ చదివి వినిపించారు.