ముందు మూత్ర పరీక్ష, ఆ తర్వాతే మందు

వానలు మొదలయ్యాక ములుగు, భూపాలపల్లి పల్లెల నుంచి జ్వరంతో, విరేచనాలతో పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వరంగల్ ఎంజీఎం దారి పడతారు. ఏం మందులు వాడారని డాక్టర్ అడిగితే చేతిసంచిలోంచి సగం అయిపోయిన సిరప్ సీసా బయటికి వస్తుంది. ఊళ్లో ఒక సూది, మెడికల్ షాపులో ఒక యాంటీబయాటిక్ అప్పటికే పడి ఉంటాయి. ఆ జ్వరానికి కారణం మూత్ర ఇన్ఫెక్షనే అయినా, ఆ తర్వాత మూత్రం కల్చర్ (శాంపిల్‌లోని సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష) చేస్తే అది సరిగా దొరక్కపోవచ్చు. జబ్బు ఉంటుంది, దాని ఆనవాలు పోతుంది.

పిల్లల్లో మూత్ర ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణం ఈ.కోలి అనే బ్యాక్టీరియా. మనందరి పేగుల్లోనూ ఉండేదే, చాలా రకాలు ఏ హానీ చేయవు. హాని చేసే రకాలకు మాత్రం ప్రత్యేకమైన పనిముట్లు ఉంటాయి. ఒంటి మీద సన్నని నూగు లాంటి పోగులుంటాయి. వాటి కొసలు మూత్రాశయం గోడల మీది చక్కెర అణువులను కొక్కెంలా పట్టుకుంటాయి. మూత్రం ధార ఎంత కొట్టినా ఊడిరావు. మరో రకం పోగులు కిడ్నీ కణాలకే అతుక్కుంటాయి. మన ఒంట్లో ఇనుము సూక్ష్మజీవులకు చిక్కకుండా దాచి ఉంటుంది, దాన్నీ లాక్కునే రసాయనాలు వీటి దగ్గరున్నాయి. కణాలకు చిల్లులు పొడిచే విషం కూడా ఉంది. ఇన్ని హంగులున్న జీవి కిడ్నీ దాకా ఎక్కితే అక్కడ మచ్చలు మిగలొచ్చు. పెద్దయ్యాక బీపీకి, కిడ్నీ జబ్బుకు అవే దారి తీయొచ్చు.

ఏడాది నిండని బిడ్డకు మంట అని చెప్పడం రాదు. జలుబు, దగ్గు ఏమీ లేకుండా ఒళ్లు కాలిపోతుంటే మూత్రం చూడాల్సిందే. బిడ్డ బాగా నీరసించి ఉంటే రిపోర్టు కోసం ఆగనక్కర్లేదు. శాంపిల్ తీసుకుని వెంటనే మందు మొదలుపెట్టవచ్చు.

పేగుల సంగతి వేరు. అక్కడ ఈ.కోలిలోనే కొన్ని రకాలు వదిలే విషం వల్ల పేగు గోడ ఉప్పును, నీటిని బయటికి కుమ్మరిస్తుంది. అయితే ఉప్పు, గ్లూకోజ్ కలిసి లోపలికి వెళ్లే దారిని ఆ విషం మూయలేదు. ఉప్పు, గ్లూకోజ్ కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్లు ప్రాణం నిలిపేది ఆ దారినే. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు. నీళ్ల విరేచనాలకు చాలావరకు ఓఆర్‌ఎస్, జింకు చాలు, యాంటీబయాటిక్ అక్కర్లేదు. రక్తం పడితే మాత్రం సొంత వైద్యం వద్దు. ఒక రకం ఈ.కోలి విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది, దానికి కొన్ని యాంటీబయాటిక్స్ ఆజ్యం పోసే ప్రమాదం ఉంది.

పరీక్ష చేయించండి అని చెప్పడం సులువే, ఎక్కడ చేయించాలన్నదే ప్రశ్న. మూత్రం శాంపిల్ బయట 2 గంటలు దాటితే పనికిరాదు. అనుకూలమైన వేడిలో ఈ.కోలి 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, రిపోర్టు తప్పుతుంది. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు బస్సులో రావడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. చల్లగా ఉంచితే అదే శాంపిల్ ఒక రోజు నిలుస్తుంది. టీకాలను ఐస్ డబ్బాలో పెట్టి మారుమూల తండాకు, గూడేనికి చేరుస్తున్న వ్యవస్థ మనది. శాంపిళ్లకు వేరే డబ్బా ఒకటి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) పెట్టి, రోజూ జిల్లా ఆసుపత్రికి పంపడం దానికి కష్టమేమీ కాదు. ఉత్తర తెలంగాణలోని ప్రతి జిల్లా ఆసుపత్రిలో కల్చర్ చేసే ఏర్పాటు ఉండాలని మేము కోరుతున్నాం. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉన్న మందును చీటీ లేకుండా అమ్మే షాపుల మీద చర్య తీసుకోవాలి.

ఇంకో మాట బడులకు సంబంధించింది. సాయంత్రం ఇంటికొచ్చిన ఆడపిల్ల నీళ్ల సీసా పొద్దున నింపినట్టే ఉందేమో తల్లులు ఒకసారి చూడాలి. టాయిలెట్‌కు గడియ లేకనో, నీళ్లు రాకనో పిల్లలు నీళ్లు తాగడమే మానేస్తున్నారు. మూత్రాన్ని గంటల తరబడి ఆపుకుంటే ఆ కొక్కేల జీవికి పాతుకుపోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. దసరా సెలవుల్లోగా ప్రతి బడిలో ఆ గడియలు, ఆ కుళాయిలు బాగుచేయించాలి.