ముఖము మాత్రమే కనిపించవలెను

ఇది ఎవరికి జరిగిందని అడక్కండి. ఒక నాన్నకి జరిగింది, మొన్న శనివారం. మెడ పట్టేసింది ఇంకా వదల్లేదు కాబట్టి వివరాలన్నీ వేడివేడిగానే ఉన్నాయి.

వైకల్య సర్టిఫికెట్‌కీ, దాంతోపాటు ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుకీ పిల్లాడి ఫోటో కావాలి. ఫోన్లో పన్నెండు వందల ఫోటోలున్నాయి. ఆటిజం ఉన్న పిల్లలకి ఇంట్లో తీసుకోవడమే హాయి: పగటిపూట, కిటికీకి ఎదురుగా ఉన్న తెల్లగోడ ముందు కూర్చోబెట్టి, వరసపెట్టి ఇరవై క్లిక్కులు కొడితే ఒక్కటైనా పనికొస్తుంది. అలా పనికొచ్చినదాన్నే ప్రింటు వేయించి పట్టుకెళ్తే, కౌంటరులో ఆయన దాన్ని దూరంగా పెట్టి ఓసారి, దగ్గరగా పెట్టి ఓసారి చూసి, "బాబు కెమెరా వంక చూట్టం లేదండీ. స్టూడియోలో తీయించి తీసుకురండి" అన్నాడు.

ఆటిజాన్ని కొలవడానికి మన దగ్గర డాక్టర్లు వాడేది ఐఎస్ఏఏ అనే కొలమానం. మొత్తం 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. అంటే ఏమీ లేకపోయినా ఊరికే కూర్చున్నందుకు 40 వస్తాయి. 70 లోపు ఉంటే ఆటిజం లేదంటారు. మార్కులు పెరిగితే ఏడవాలో తగ్గితే ఏడవాలో తెలీక అమ్మానాన్నలు గోడకి చేరబడే పరీక్ష అది. అందులో మొట్టమొదటి అంశం ఏమిటయ్యా అంటే, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడకపోవడం. కళ్ళలోకి చూడడని రాసిచ్చే కాగితం కోసం, కళ్ళలోకి చూస్తున్న ఫోటో తెమ్మంటున్నారన్నమాట. ఈ మాట ఆ నాన్న కౌంటరులో అనలేదు. కిందికి దిగాక స్కూటరుతో అన్నాడు.

తయారీ మాత్రం ఘనంగానే జరిగింది. వారం రోజులు ఇంట్లో స్టూలు మీద కూర్చునే సాధన, మొదటిరోజు మూడు సెకన్లు, ఆఖరిరోజు పదిహేను. "ముందు ఫోటో, తర్వాత జంతికలు" అని రెండు బొమ్మలు అంటించిన అట్టముక్క. కొత్త చొక్కా వద్దు, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతదే, దానికీ కాలరు వెనక లేబులు కత్తిరించి. బేరాలు రాకముందే, షట్టరు ఎత్తే వేళకి వెళ్ళాలి. టప్పుమని వెలిగే గొడుగు ఫ్లాషు వద్దని, వెలుగుతూ ఉండే లైటే చాలని ముందే చెప్పుకోవాలి. గుండ్రంగా తిరిగే స్టూలు తీయించెయ్యాలి, లేకపోతే తీసేది ఫోటో కాదు, గానుగ. ఇవన్నీ చేశాడు. ఫోటోగ్రాఫరుకి చెప్పాల్సిన ఒక్క ముక్క మాత్రం మర్చిపోయాడు. దాని సంగతి వస్తుంది.

స్టూడియోలో తెర నీలం రంగుది. తెలుపు కావాలంటే మీరే ఏదన్నా తెచ్చుకోండి సార్ అని ఫోటోగ్రాఫరు అన్నాడని, బావమరిది పెళ్ళిలో పెట్టిన పంచె తీసుకెళ్ళాడు. పిల్లాడేమో ఎవరూ పట్టుకోకపోతే కుడిపక్కకి ఒరిగిపోతాడు. మెల్లగా వేలు తగిలిస్తే గొంగళిపురుగు పాకినట్టు ఉలిక్కిపడతాడు. రెండు చేతులతో నడుం దగ్గర గట్టిగా అదిమి పట్టుకుంటేనే నెమ్మదిస్తాడు. కానీ పట్టుకున్న చెయ్యి ఫోటోలో పడకూడదు. 2017 నాటి దివ్యాంగుల హక్కుల నిబంధనల్లో, వైకల్య సర్టిఫికెట్ నమూనా మీద ఫోటోలో ముఖం మాత్రమే కనపడాలని ఉంది. ఆ ముఖాన్ని కుదురుగా ఉంచేదెవరో అందులో రాయలేదు.

ఉపాయం ఫోటోగ్రాఫరుదే. "సార్, మీరు పంచె కప్పేసుకుని వెనక కూర్చోండి. మీరే తెర."

కూర్చున్నాడు. జరీ అంచు కనపడకుండా వెనక్కి మడిచి, నెత్తి మీంచి మోకాళ్ళ దాకా కప్పుకుని, లోపల్నించి పిల్లాడి నడుం పట్టుకున్నాడు. గంజి వాసన. కళ్ళజోడు మీద ఆవిరి. గాలి పీల్చినప్పుడల్లా పంచె నోట్లోకి వస్తోంది.

"రెడీనా? వన్... టూ... త్రీ!"

చెప్పడం మర్చిపోయిన ముక్క ఇదే. అంకెలంటే ప్రాణం పెట్టే పిల్లాడి ముందు వన్ టూ త్రీ అనకూడదు.

"ఫోర్," అన్నాడు పిల్లాడు. తర్వాత ఫైవ్. తర్వాత ఆగలేదు.

ప్రతి ఫోటోలో నోరు ఒక్కో అంకె ఆకారంలో ఉంది. ఇరవై తొమ్మిది దగ్గర ఫోటోగ్రాఫరు "ఇంక చాల్లే కన్నా" అన్నాడు. అనకూడదు. మధ్యలో తెగిన లెక్క ఈ పిల్లాడికి సగంలో ఆగిపోయిన తుమ్ములాంటిది, పూర్తయితే తప్ప ప్రాణం కుదుటపడదు. పిల్లాడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వన్ నుంచి ఎత్తుకున్నాడు. పంచె లోపల్నించి ఒక మూలుగు వినపడింది.

రెండో విడతలో సరిగ్గా అరవై ఒకటి దగ్గర తలుపు చప్పుడైంది. ఎవరో పెద్దాయన, ఏదో ఫోటో పెద్దది చేయించుకోడానికి వచ్చారు. పాతరోజుల్లో పోయినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి ఆఖరి ఫోటో తీయించుకునేవాళ్ళు కదా, ఆయన ఆ కాలం మనిషి. ఎదురుగా తల మీంచి తెల్లబట్ట కప్పిన మనిషి, ముందు అంకెలు చదువుతున్న మనవడి వయసు పిల్లాడు. గబగబా చెప్పులు బయట విడిచొచ్చి, కండువా తీసి, "అయ్యో, ఎంతసేపయింది బాబూ?" అన్నారు.

"ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయండీ," అంది పంచె.

పెద్దాయన వచ్చిన పని చెప్పలేదు. చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్ళారు.

హండ్రెడ్ అయింది. పిల్లాడు నోరు మూసుకుని, రెండు సున్నాల కోసం వెతుక్కున్నాడు. కెమెరా లెన్సు గుండ్రంగా కనపడింది. దానివంక తదేకంగా, తృప్తిగా చూశాడు. క్లిక్.

జంతికలు. స్కూటరు. కౌంటరు.

ఆయనే ఉన్నాడు. ఈసారి ఫోటోని ఒక్కసారే చూశాడు. "అరె, ఎంత చక్కగా చూస్తున్నాడండీ! మరి ఈ బాబుకి సర్టిఫికెట్ ఎందుకు?"

పాత ఫోటో చూపిద్దామని జేబులన్నీ తడిమితే లేదు. స్టూడియోకి ఫోన్ చేస్తే, "నలభై ఏడు అంటుండగా తీసింది ఒకటుంది సార్, పక్కకి చూస్తున్నాడు, కానీ వెనక జరీ అంచు పడింది, పర్లేదా? పంచె కూడా ఇక్కడే ఉంది" అన్నాడు. నిజమే, అక్కడే మర్చిపోయి వచ్చాను.