పత్తి మందుతోని బర్రెను కడుగుమన్నడు!

పొద్దున పరకాలల ఒక ఎరువుల దుకాణం కాడ జరిగింది, ఇంకా నాకు కోపం దిగలే. యూరియా కోసం లైన్ల నిలవడ్డ. నా ముంగట ఒక ముసలి బాపు, "సేటూ, బర్రెకు గోమార్లు బాగ పట్టినయ్, ఏదన్న మందియ్యి" అన్నడు. దుకాణపాయన తల గూడ ఎత్తలే. ఎనుక అరలకెళ్లి ప్రొఫెనోఫాస్ సీసా తీసి ముంగట పెట్టి, "బకెట్ నీళ్లల్ల రెండు మూతలు పోసి కడుగు, పొద్దుగూకేసరికి రాలిపోతయ్" అన్నడు.

"అన్నా, అది పత్తికి కొట్టే పురుగుమందు, బర్రెకు పొయ్యద్దు" అన్న. "నువ్వేమన్న డాక్టరువా అక్కా? అందరు కొనుకపోతున్నరు, ఎవ్వల బర్రె సచ్చింది?" అని నా మీదికే లేసిండు. బాపు పైసలిచ్చి, సీసా సంచిల ఏసుకొని పోయిండు.

ఎవ్వల బర్రె సచ్చిందా? పోయిన వానకాలం మా వాడకట్టుల ఒకలు గిట్లనే దూడను కడిగిండ్రు. జరసేపట్ల నోట్ల నురుగు, ఒళ్లంత వణుకుడు, కాళ్లు కొట్టుకునుడు. ఆ మందు తోలుకెళ్లే లోపటికి పోతది, మీదికెళ్లి పశువు తన ఒళ్లు తానే నాక్కుంటది. ఆ విషానికి విరుగుడు, అట్రోపిన్ సూది టైముకు పడితే బతికే ఆశ ఉంటది. రాత్రి పూట పల్లెటూర్ల ఆ సూది ఎవ్వలేస్తరు? తెల్లారేసరికి దూడ లేదు. ఆ ఇంటోళ్లు గోమార్ల రోగంతోని పోయిందనుకున్నరు! గట్లనే అనుకుంటరు గాబట్టే, ఎవ్వల బర్రె సచ్చిందని అడిగే ధైర్యం దుకాణపోళ్లకు వస్తది.

పశువులకు వేరే మందు లేదా అంటే, ఉన్నది. అమిట్రాజ్ ఉన్నది, డెల్టామెత్రిన్ ఉన్నది. పశువుల మందుల దుకాణంల దొరుకుతయ్. 12.5 శాతం అమిట్రాజ్ అయితే లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు. ముందు పశువుకు కడుపునిండ నీళ్లు తాపాలె, సల్లటి పూట కొట్టాలె, పుండ్ల మీద పడనియ్యద్దు, ఆరేదాక నాకనియ్యద్దు. పైసలు మిగులుతయని పల్చగ కలిపితే గోమార్లు సావయ్, ఆ మందుకు అలవాటు పడ్తయ్. ఇగ కొందరు ఐవర్‌మెక్టిన్ సూది ఏపిచ్చి అదే పూట పాలు పిండి కేంద్రంల పోస్తున్నరు. ఆ మందు పాలల్లకు దిగుతది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

కానీ ఎన్ని మందులు కొట్టినా పశువు మీద కనవడేటియి కొన్నే. రక్తం తాగి ఆముదపు గింజంత ఉబ్బిన ఆడ గోమారి కింద రాలి, గోడ నెర్రెలల్ల, గాడి కింద, గుంజ మొదట్ల దూరి రెండు మూడు వేల గుడ్లు పెడ్తది. కొట్టం అట్లనే ఉంచి పశువును కడిగితే ఏం లాభం? నెర్రెలు సిమెంటుతోని పూడ్సాలె, సున్నం ఎయ్యాలె, పశువులను బయట కట్టి గోడలకు, మూలలకు అదే మందు కొట్టాలె, పెంట కుప్ప దూరం జరపాలె, రెండు మూడు వారాలకు మల్ల కొట్టాలె. నాటుకోళ్లను కొట్టంల ఇడిసిపెడితె అవీ ఏరుకతింటయ్.

ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పాలె? కొట్టం ఊడ్సేటోళ్లకు. మధ్యాహ్నం పూట గంగడోలు కింద, చెవులల్ల, తోక మొదట్ల, పొదుగు పక్కన ఒక్కొక్క గోమారిని వేళ్లతోని పీకి కిరసనాయిలు డబ్బాల ఏసేది ఎవ్వలు? ఆడోళ్లమే. ఏ నెర్రెల ఎన్ని ఉంటయో మాకు తెలుసు. కానీ మా ఊళ్లె పశువుల అవగాహన మీటింగ్ పెట్టిననాడు కుర్చీలల్ల కూసున్నది అందరు మొగోళ్లే! మేం అప్పుడు పెండ తీస్తున్నం. ఒక్కల్ని గూడ పిలువలే.

మా పిన్ని జెర్సీ ఆవు సంగతి తల్సుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కపోతది. ఈనిన కొత్తల 106 డిగ్రీల జరం. భుజం ముంగట గడ్డ ఉబ్బింది, పాలు ఎండిపోయినయ్, కండ్లు తెల్లగైనయ్. "జబ్బ కాడ గడ్డ కట్టింది సారూ, ఒకసారి పట్టి చూడుండ్రి" అని పిన్ని వచ్చినోళ్లందరికి మొత్తుకున్నది. ఎవ్వలు చెయ్యి పెట్టి చూడలే. జరం సూది ఏసుడు, పైసలు తీసుకొని పోవుడు. ఒక్కలన్న చెవికాడ సుక్క రక్తం తీసి స్లయిడ్ చూస్తే థైలేరియా అని తేలుతుండె, గోమార్లు కుడితే వచ్చే రక్తం జబ్బు అది. దానికి ఏసే బుపర్వాక్వోన్ సూది మొదట్లనే పడితే ఆవు లేచి మేస్తుండె. ఆ సూది ఖరీదు ఎక్కువే, కానీ ఆవు ఖరీదు ముంగట ఎంత?

దీనికి టీకా గూడ ఉన్నది. రక్షావాక్-టి అని, హైదరాబాద్ కంపెనీ చేసిందే. రెండు నెలలు దాటిన సంకరజాతి దూడలకు ఎయ్యొచ్చు. గడ్డకట్టేంత సల్లగుండే ద్రవ నైట్రోజన్‌ల పెట్టి తేవాలె, ఊర్లకు తెచ్చుడు కష్టం అంటరు. మరి జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవు జాతుల వీర్యం ఏంట్ల పెట్టి తెస్తున్నరు? అదే నైట్రోజన్ క్యాన్‌ల, బండి ఎనుక కట్టుకొని, మా ఇంటి ముంగటికే! నాటు ఆవులు ఈ జబ్బును చానావరకు తట్టుకుంటయ్, సంకరజాతి తట్టుకోదు. జెర్సీ వేయించుకో, పాలెక్కువొస్తయ్ అని ఇంటింటికి తిరిగి చెప్పింది పశువుల శాఖోళ్లు మీరే. దూడను పుట్టిచ్చెటందుకు వచ్చే క్యాన్, దాన్ని బతికిచ్చెటందుకు ఎందుకు రాదు?

హన్మకొండ, ములుగు, జనగామ, భూపాలపల్లి దిక్కు ఎవ్వలన్న దూడలకు ఈ టీకా ఏపిచ్చినోళ్లుంటే కామెంట్ల చెప్పుండ్రి. ఎవ్వల్ని అడిగిండ్రు, ఎట్ల తెప్పిచ్చిండ్రు, డోసుకెంత పడ్డది. మా వాడకట్టుల ఎన్ని సంకర దూడలున్నయో రేపు ఇంటింటికి తిరిగి రాసుకొస్త. ఆ బాపుది ఏ ఊరో తెలిసినోళ్లుంటే ఫోన్ చేసి ఆ సీసా మూత తియ్యద్దని చెప్పుండ్రి.