శిక్ష జనరల్‌కు, శాసనం పదిలం

ముప్ఫై నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చిన తీర్పు అది. 1980 సెప్టెంబరు 12 సైనిక కుట్రకు నాయకత్వం వహించిన తుర్కియే మాజీ సైన్యాధిపతి కెనాన్ ఎవ్రెన్‌కు 2014 జూన్‌లో అంకారా కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. జనరల్ హోదా తీసేసి సాధారణ సిపాయిగా దించాలంది. అప్పటికి ఆయనకు 96 ఏళ్లు. బోనెక్కింది లేదు, సైనిక ఆసుపత్రి మంచం మీది నుంచే వీడియోలో వాంగ్మూలం ఇచ్చారు. అప్పీలు తేలకముందే, 2015 మేలో కన్నుమూశారు. తీర్పు ఖరారు కాలేదు గనుక హోదా చెక్కుచెదరలేదు. సైనిక లాంఛనాలతోనే సాగనంపారు.

1978లో సైన్యాధిపతి అయిన ఎవ్రెన్, వీధుల్లో వామపక్ష, మితవాద ముఠాల హత్యాకాండను ఆపడానికే వచ్చానన్నారు. వచ్చి పార్లమెంటును మూశారు, పార్టీలను రద్దు చేశారు. లక్షల మందిని నిర్బంధించారు, 50 మందిని ఉరితీశారు. వారిలో ఎర్దాల్ ఎరెన్ ఒకడు. సైనికుణ్ని చంపాడన్న అభియోగంపై పదిహేడేళ్ల ఆ కుర్రాడిని 1980 డిసెంబరులో ఉరికంబం ఎక్కించారు. ఉరిశిక్షలను సమర్థించుకుంటూ 1984లో ఎవ్రెన్ అడిగిన ప్రశ్నను ఆ దేశం నేటికీ మరువలేదు: ‘ఉరితీయకుండా కూర్చోబెట్టి మేపమంటారా?’

1982లో సైనిక పాలకులు తెచ్చిన కొత్త రాజ్యాంగానికి ప్రజల ఓటింగులో 91 శాతం ఆమోదం దక్కిందని చాటుకున్నారు. దానిని విమర్శిస్తూ ప్రచారం చేయడం నిషిద్ధం. ‘వద్దు’ అనే ఓటు చీటీ నీలం రంగుది, కవరేమో పలుచనిది. ఎవరు ఏ ఓటు వేస్తున్నారో పక్కవాడికి తెలిసిపోతుంది. ఆ ఓటింగుతోనే ఎవ్రెన్ దేశాధ్యక్షుడూ అయ్యారు. 1989లో దిగిపోయి, మర్మారిస్ తీరాన బొమ్మలు గీసుకుంటూ నిశ్చింతగా గడిపారు. కుట్రదారులపై విచారణ కూడదన్న నిబంధనను ఆ రాజ్యాంగంలోనే రాసిపెట్టుకున్నారు మరి!

2010 ప్రజాభిప్రాయ సేకరణలో ఆ రక్షణ తొలగింది. విచారణ జరిపించిన ఘనత అప్పటి ప్రధాని ఎర్దొగాన్ ప్రభుత్వానిదే, కాదనలేం. అయితే ముసలి జనరల్‌ను దోషిగా నిలబెట్టినంత సులువుగా ఆయన చేతి శాసనాన్ని వదులుకోలేకపోయారు. ఎన్నో సవరణలతో అదే రాజ్యాంగం నేటికీ అమల్లో ఉంది. 2017లో అధ్యక్షుడికి అపార అధికారాలు కట్టబెట్టిన సవరణలూ దానికే అతికించినవి. విశ్వవిద్యాలయాలను అదుపులో పెట్టడానికి 1981లో సైనిక పాలకులు తెచ్చిన ఉన్నత విద్యామండలి ఇంకా కొనసాగుతోంది. 2021 జనవరిలో ఇస్తాంబుల్‌లోని బొయాజిచి విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడైన ఎర్దొగాన్ తనకు నచ్చిన వ్యక్తిని అధిపతిగా నియమించారు. నిరసన తెలిపిన విద్యార్థులను పోలీసులు అరెస్టు చేశారు. విశ్వవిద్యాలయాధిపతిని నియమించే అధికారం అధ్యక్షుడిదేనన్నది ఎవ్రెన్ రాజ్యాంగంలోని 130వ అధికరణం.