ఇంగ్లీషు రాని అమ్మానాన్నలకు అమెరికా పౌరసత్వం రాదా?

"ఇంగ్లీషు రానివారికి అమెరికా పౌరసత్వం రాదు. వచ్చినవారు వంద ప్రశ్నలు బట్టీ పడితే చాలు. గ్రీన్ కార్డు ఐదేళ్లుంటే చాలు, మధ్యలో ఎన్నాళ్లు స్వదేశంలో ఉన్నా ఫరవాలేదు. తర్వాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకుంటే రెండు దేశాల పౌరసత్వమూ ఉంటుంది." అక్కడి తెలుగు కుటుంబాల ఫోన్లలో తిరుగుతున్న సందేశమిది. దీన్ని నమ్మి దరఖాస్తే మానుకున్న పెద్దలు నాకు తెలుసు. అందుకే ఈ కోపం.

అన్నిటికన్నా హాని చేసేది మొదటి మాట. 50 ఏళ్లు నిండి గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు అక్కడ నివసించినవారికి ఇంగ్లీషు పరీక్షే లేదు. పౌరసత్వ పరీక్షలో ప్రభుత్వం గురించి అడిగే ప్రశ్నలకు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. 65 నిండి 20 ఏళ్లు నివసించినవారికైతే ప్రత్యేకంగా ఎంపిక చేసిన 20 ప్రశ్నల్లోంచే పది అడుగుతారు. ఆరు సరిగా చెబితే ఉత్తీర్ణులే.

ఇక వంద ప్రశ్నల సంగతి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి జాబితాలో 128 ప్రశ్నలున్నాయి. 20 వరకూ అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. మీ రాష్ట్ర గవర్నరెవరు, సెనేటరెవరు వంటి వాటికి జవాబులు ఎన్నికలతో మారిపోతాయి. పాత కాగితం బట్టీ పడితే తప్పు చెబుతారు. అర్థం చేసుకుంటే ఇది కష్టమేమీ కాదు. మన రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11 స్థానాలు, తెలంగాణకు 7. అమెరికా ఎగువ సభ సెనేట్‌లో మాత్రం కాలిఫోర్నియాకూ ఇద్దరే, చిన్న వయోమింగ్‌కూ ఇద్దరే. జీవితమంతా ఓటు వేసిన మన పెద్దలకు ఈ తేడా ఒక్కసారి చెబితే చాలు, మళ్లీ మరిచిపోరు.

ఐదేళ్ల మాట సగమే నిజం. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో ఉండాలి. ఒకేసారి ఆరు నెలలకు మించి స్వదేశంలో ఉండిపోతే నివాసం తెగలేదని రుజువులు చూపాలి. ఏడాది గడిస్తే మామూలుగా తెగినట్టే. మనవళ్ల కోసం అక్కడా, పొలం కోసం ఇక్కడా తిరిగే పెద్దలు చిక్కుకునేది ఇక్కడే.

చివరి మాట పూర్తిగా అబద్ధం. వేరే దేశపు పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ పేరులో పౌరసత్వం ఉన్నా, అది భారత పౌరసత్వం కాదు: దానితో ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనడానికీ వీల్లేదు. ఊళ్లో పొలం కొనాలన్న ఆలోచన ఉన్నవారు అమెరికా పౌరసత్వ ప్రమాణం చేయకముందే ఆ లెక్క తేల్చుకోవాలి.