కుందేళ్ల పెంటికలు మోరీలో పోయకండి

మా నల్లగొండలో ఇళ్లల్లో కుందేళ్లు పెంచేవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. (అడవి చెవులపిల్లుల సంగతి కాదు, వాటిని పట్టి పెంచడం నేరం.) సంతోషమే. కానీ పొద్దున్నే గూడు ఊడ్చి తట్టెడు పెంటికలు మోరీలో పోస్తుంటే చూడలేకపోతున్నా. అదే ఇంటివాళ్లు నర్సరీకి పోయి డబ్బులు పెట్టి ఎరువు సంచి మోసుకొస్తారు! ఇదేం పద్ధతండీ?

మనవి ఎర్ర చెల్కలు. వాన పడి ఎండ కాసిందంటే పైన అట్ట కడుతుంది, ఆ తర్వాత పోసిన నీళ్లు ఇంకకుండా పక్కకు జారిపోతాయి. యూరియాలో 46 శాతం నత్రజని ఉంది, నిజమే. మట్టిని గుల్ల చేసే గుణం దానికెక్కడిది? పాలమూరు రైతు పైసలిచ్చి మరీ రాత్రిపూట గొర్రెల మందను చేన్లో ఆపించుకునేది అందుకే కదా. గొర్రె పెంటికకు అంత విలువ ఇచ్చే మనం కుందేలు పెంటికను ఎట్ల పారబోస్తాం?

నత్రజని లెక్కన ఇది పశువుల పెండ కంటే చాలా మెరుగు. కోళ్ల పెంట పచ్చిగా వేస్తే మొక్క మాడుతుంది, దీనికి ఆ భయం లేదు. కుందేలు తన మెత్తటి పెంటికను తానే తిని రెండోసారి అరిగించుకుంటుంది. బయటపడే గట్టి పెంటికను ఎండాక వేళ్లతో నలిపి చూడండి, సన్నటి గడ్డి పీచుగా విడిపోతుంది, వాసన కూడా రాదు. వంకాయ, గులాబీ కుండీలకు గుప్పెడు వేసి పైమట్టిలో కలిపితే చాలు.

మూత్రంలో తడిసిన గడ్డిని మాత్రం కంపోస్టు గుంతలోనే వేయాలి. పచ్చిగా తినే కొత్తిమీర, కీరలకు కూడా బాగా మగ్గిన ఎరువే వాడండి. పిల్లలు తినేవి, తొందర వద్దు.

కంపోస్టుకు పెద్ద టెన్షన్ ఏమీ లేదు. ఎండాకులు, వరిగడ్డి ఒక పొర, పెంటికలు ఒక పొర. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి. కుప్ప లోపల వేడి పుడుతుంది, అప్పుడప్పుడు తిరగేయాలి. మన ఎండలకు పైన గోనెసంచి కప్పకపోతే ఎండిపోయి మగ్గడమే ఆగిపోతుంది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వచ్చిందంటే తయారైనట్టే.

శివరాత్రి దాటితే మా వీధిలో రాలిన వేపాకును కుప్పలుగా ఊడ్చి నిప్పు పెడతారు. ఆ పొగకు ముసలోళ్లు తలుపులు మూసుకుని దగ్గుతుంటారు. కాల్చకండి, దండం పెడతా. కుందేళ్లున్న ఇంటికి ఆ ఆకు ఇవ్వండి, లేదా వాళ్ల పెంటికలు మీరు తెచ్చుకోండి. ఇద్దరికీ వద్దంటే సంచిలో కట్టి గేటు పక్కన పెట్టి నాకు ఒక మెసేజ్ చేయండి, బండి మీద వచ్చి నేనే తీసుకుపోతా.